మెట్ల బొమ్మ గీసిన మా హిస్టరీ టీచర్

ఆరో తరగతిలో మాకు హిస్టరీ చెప్పిన టీచర్ పోయారు. పోయిన వారం అప్పటి క్లాస్‌మేట్ మెసేజ్ పెట్టింది. ఆఫీసులోంచి లేచి వెళ్ళి, కార్‌లో కూర్చుని అమ్మకు ఫోన్ చేశాను.  "నన్ను కూర్చోబెట్టి మరీ విన్న మనిషి ఆవిడ" అంది అమ్మ.

అమెరికాలోని ఇర్వింగ్‌లో ఆ స్కూల్లో చేరిన మొదటి రోజు ఆవిడ నా పేరు మూడుసార్లు చెప్పించుకున్నారు. పలకాల్సిన తీరు లిస్టులో పెన్సిల్‌తో రాసుకున్నారు. ప్రతి పాఠం చివర పుస్తకం మూసి, "ఇందులో ఎవరి మాట మనకు వినపడలేదు?" అని అడిగేవారు. మేం తేల్చుకునేదాకా కిటికీ పక్కన నిలబడి, చల్లారిపోయిన కాఫీ తాగుతూ ఎదురుచూసేవారు.

ఇండియా పాఠం రోజు బోర్డు మీద మెట్ల బొమ్మ గీసి కులాల గురించి చెప్పారు. పై మెట్టు మీద ఎవరు, కింద ఎవరు, బొమ్మ బయట ఎవరు. ముందు వరసలో అమ్మాయి నా వైపు తిరిగి, "మరి నువ్వు ఏ మెట్టు?" అంది. క్లాసంతా నన్నే చూసింది. టీచర్ ఏమీ అనలేదు. బెల్ మోగింది.

సాయంత్రం అమ్మను అడిగాను. అమ్మ స్టవ్ ఆపేసింది. "మనం ఆ బొమ్మ బయటివాళ్ళం" అంది. మా అమ్మమ్మ చిన్నప్పుడు బడి గుమ్మం బయట కూర్చుని పాఠం వినేదని ఆ రోజే తెలిసింది. మర్నాడు కడుపునొప్పి అని స్కూలు మానేశాను.

ఆ సాయంత్రం టీచర్ అమ్మకు ఫోన్ చేశారు. "ఆ ప్రశ్నను నేను ఆపాల్సింది. ఆపలేదు. తప్పు నాదే" అన్నారు. అమ్మ, "నేనొచ్చి మీ క్లాసులో మాట్లాడొచ్చా?" అని అడిగింది.

నాన్న కంగారుపడ్డారు. "ఈ అపార్ట్‌మెంట్స్‌లో సగం మన తెలుగువాళ్ళే. పిల్లలు ఇంటికెళ్ళి చెప్తారు. అందరికీ తెలిసిపోతుంది, ఆలోచించావా?"

"ఇన్నేళ్ళూ ఆలోచించింది చాలు. పిల్ల అడిగింది కదా!" అంది అమ్మ.

శుక్రవారం అమ్మ లీవ్ పెట్టి వచ్చింది. టీచర్ తన కుర్చీ అమ్మకిచ్చి, తాను ఆఖరి వరసలో పిల్లల డెస్క్‌లో ఇరుక్కుని కూర్చున్నారు. అమ్మమ్మ గురించి అమ్మ చెప్పింది. వాన పడితే ఆ రోజు చదువు లేనట్టేనని, అయినా మానలేదని చెప్పింది.

"వాళ్ళ టీచర్ ఏమీ అనలేదా?" అని అడిగింది ముందు వరసలో అమ్మాయి.

"అనలేదు" అంది అమ్మ. వెనక రాసుకుంటున్న మా టీచర్ పెన్ను ఆగిపోయింది. తర్వాత లేచి ముందుకు వచ్చి, "ఏటా ఈ బొమ్మ గీసి వదిలేశాను. అక్కడ మనుషులున్నారని చెప్పలేదు" అన్నారు. ఆ పై ఏడాది నుంచి ఆవిడ ఆ పాఠాన్ని మా అమ్మమ్మ కథతోనే మొదలుపెట్టేవారని తర్వాతి క్లాసుల పిల్లలు చెప్పారు.

నాన్న భయపడ్డట్టే అయింది. ఒకరిద్దరు ఆంటీలు పుట్టినరోజులకు మమ్మల్ని పిలవడం మానేశారు. నాకు ఏడుపొచ్చేది. అమ్మ మాత్రం, ఎవరైనా ఇంటిపేరు అడిగితే అంతకుముందులా మాట మార్చడం మానేసింది. ఆ మార్పుకు ఎవరికి కృతజ్ఞత చెప్పాలో నాకు తెలుసు. ఆవిడ ఉండగా చెప్పలేకపోయాను.

ఇప్పుడు తలుచుకుంటే ఆ శుక్రవారం పార్కింగ్ లాట్ కళ్ళముందు కదులుతుంది. నేను బెల్ట్ పెట్టుకుని కార్‌లో కూర్చున్నాను. స్కూల్ బస్సులు ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. బయట ఎండలో టీచర్ తన నోట్‌బుక్‌ను మా కారు బానెట్ మీద పెట్టి, అమ్మ చెబుతుంటే ఇంకా రాసుకుంటూనే ఉన్నారు.