పనసచెక్క మీద పన్నెండు మీటలు

కాశీబుగ్గలో మా బావకు డీటీపీ సెంటరు ఉండేది. బావంటే అక్క మొగుడు. టెక్కలిలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా ముగించి, ఉద్యోగం దొరికేదాకా సాయం చెయ్యమంటే వెళ్లి కూర్చున్నాను. ఆ కూర్చోవడం కూర్చోవడమే, మళ్లీ లేవనివ్వలేదు. షాపులో తెలుగు టైపింగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. కిటికీ లేని గది, ఎదురుగా గోడ, గోడ నిండా శుభలేఖల నమూనాలు. ఎవరెవరికో ముహూర్తాలు కొట్టి పెట్టాను గానీ అక్కణ్ణుంచి నేను బయటపడే ముహూర్తం మాత్రం రాలేదు.

విశాఖపట్నంలో యూపీఎస్‌లు బాగుచేసే చిన్న కంపెనీ వాళ్లు వచ్చి చేరమన్నారు. బావ వద్దనలేదు. అదే అతని తెలివి. "ఎల్లరా, నానేటి కట్టీసినానేటి? నీ పని సేసీవోడొకడు దొరికితే ఎల్లిపో" అన్నాడు. దొరకడని ఇద్దరికీ తెలుసు. గట్టిగా అడిగితే ఆ కోపం ఇంట్లో అక్క మీద తీరుతుంది. అడకత్తెరలో పోకచెక్కలా ఉండేది నా పని.

మనిషి దొరకనప్పుడు మీటలైనా చేద్దామనుకున్నాను. కార్డుల్లో మారేవి పేర్లూ ఊళ్లూ తేదీలే, మిగతాదంతా పాడిందే పాట. ఒక మీట నొక్కితే ఒక వాక్యం మొత్తం పడాలి. అప్పుడు ఒంటి వేలితో అక్షరాలు వెతుక్కునే మా అక్క కూడా షాపు నడిపేస్తుంది, నేను రైలెక్కేస్తాను.

టీ ఒలికి పాడైన యూఎస్‌బీ కీబోర్డు ఒకటి బల్ల కింద పడుంది. విప్పి చూస్తే లోపలి ప్లాస్టిక్ పొరలు పోయాయి గానీ మూలనున్న చిన్న సర్క్యూట్ బోర్డు బతికే ఉంది. దాని అంచున ఉన్న కనెక్షన్లలో ఏ రెండిటిని కలిపితే ఏ మీట నొక్కినట్టో, వైరు ముక్క తాకించి ఒక్కొక్కటే పట్టుకున్నాను. పై వరసలోని పన్నెండు ఫంక్షన్ మీటలూ దొరికాయి. రేడియో షాపులో నొక్కుడు స్విచ్చులు కొని, చేతికి అందింది కదా అని జీడిపప్పు డబ్బా రేకు మీద బిగించాను. వైర్లు రేకుకు తగిలి, ఒకటి నొక్కితే నాలుగు పలికాయి. డిప్లొమా చదివినవాడు చేసే పనేనా ఇది అని నన్ను నేనే తిట్టుకుని, పనసచెక్క తెచ్చి, వడ్రంగి చేత కంతలు పెట్టించి మళ్లీ బిగించాను. టైపింగు సాఫ్ట్‌వేర్లో ఒక్కో మీటకు ఒక్కో వాక్యం అప్పజెప్పాను.

బావ వచ్చి చూశాడు. తాతగారి పేరు వచ్చే వాక్యానికి ఒక మీట, దాని ముందు వేసే 'కీర్తిశేషులు' అన్న మాటకు వేరే మీట ఇచ్చాను. రెండెందుకన్నాడు.

"మన ఉద్దానం ఊళ్లల్లో తాతలెక్కడ మిగిల్నారు? కలిపీసి ఒకటే సెయ్యి."

మిగిలిన మీటలో షాపు పేరు పెట్టించుకున్నాడు. అతనన్నది అబద్ధమేం కాదు. కిడ్నీ జబ్బు ఆ ఊళ్లలో మగవాళ్లను నడివయసులోనే తీసుకుపోయేది. 'కీర్తిశేషులు' అన్న మాట లేని శుభలేఖ మా షాపులో అరుదు. అందుకే కలిపేశాను.

అక్కకు తొందరగానే చెయ్యి కుదిరింది. పప్పు ఉడికేలోపు కార్డు అయిపోతోందని నవ్వింది. సోమవారం రైలుకు బ్యాగు సర్ది తెచ్చి బల్ల కిందే పెట్టుకున్నాను.

ఆదివారం పొద్దున్న సముద్రం ఒడ్డు ఊరి నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. కాళ్లు రెండూ వాచిపోయి ఉన్నాయి. అక్క కొట్టిన మనవడి శుభలేఖల కట్ట బల్ల మీద పెట్టి, ఒక కార్డు తీసి, తన పేరు మీద వేలు పెట్టాడు. పంచకముందే ఎవరిచేతో చదివించుకున్నాడట.

"నాను సచ్చిపోనానని ఏసినారు బాబూ" అన్నాడు. గొంతులో కోపం లేదు. అక్క కళ్లు తుడుచుకోవడం చూసి, "ఏడవకమ్మా. తప్పేటి నేదు. కాత్త ముందేసీసినారంతే" అన్నాడు.

ఆయన్ని టీ కొట్టులో కూర్చోబెట్టి వచ్చి, బావ పనసచెక్క వైరు పీకి, పెద్ద కీబోర్డు నా ముందుకు జరిపాడు.

"మిషనుకేటి తెలుత్తాది, ఉన్నోడెవుడో పోయినోడెవుడో? మనిసుండాల. నువ్వే ఉండాల."

కలపమన్నది నువ్వే కదా అన్నాను. అక్క నా వంక చూసింది. కార్డు మళ్లీ కొట్టాను. సోమవారం రైలు నేను లేకుండానే వెళ్లిపోయింది. విశాఖలో నా చోట ఇంకెవరినో తీసుకున్నారు.

వానలు పడ్డాక ఆ మనవడే గుండుతో వచ్చాడు, తాత పెద్దకర్మ కార్డు కోసం. బావ ఏమీ ఆలోచించకుండానే అలమరలోంచి పనసచెక్క తీసి, దుమ్ము దులిపి, నా ముందు పెట్టాడు. "ఇప్పుడు నొక్కొచ్చు" అన్నాడు.

దాన్ని పక్కకు తోసేసి, 'కీర్తిశేషులు' అని ఒక్కో అక్షరమే కొట్టాను. పెద్దాయన చెప్పినట్టే, మేం కాస్త ముందు వేశాం, అంతే. ఆయన వెళ్లిపోయాడు. నేను మాత్రం అదే కుర్చీలో కూర్చుని ఉన్నాను.