మద్దిచెట్టు మీద వాటాలు

నేను చెప్పేదాంట్లో సగం తీసేసి వినాలని మా ఇంట్లో నియమం. చెన్నూరు అవతలి గుట్టల సంగతి మాత్రం పూర్తిగా నమ్మొచ్చు. నా వడిసెల రాయి దెబ్బకు పిట్టలు ప్రాణహిత దాటి మహారాష్ట్రలో పడ్డాయన్నది ఒక్కటి మినహాయించుకోండి.

నైజాం రాజ్యం పోయిన కొత్తలో నా పెళ్లయింది. మేనమామే పిల్లనిచ్చాడు. ఆయన అడవిలో మద్దిచెట్ల మీద దసలి పట్టుపురుగులను మేపేవాడు. అవి తమ చుట్టూ కట్టుకునే పట్టుకాయల దారంతోనే మా ఇంటి మగ్గాలు ఆడాలి. కాయ రాకపోతే రెండిళ్లకూ పస్తులే. అందుకని కాపలాకు నన్ను రమ్మన్నాడు.

కొత్త అల్లుణ్ణి, ఊరుకుంటానా? పట్టుపురుగులను తినిపోతాయని, వడిసెల పట్టి పిట్ట అన్నదాన్ని వాలనివ్వలేదు. మామ వాటిని కుట్టి చంపే ఎర్రచీమల గూళ్లన్నిటికీ పొగపెట్టాడు. తోపంతా చప్పుడు లేకుండా అయిపోయింది. ఇద్దరం తెగ మురిసిపోయాం.

అంతలో నల్ల గొంగళిపురుగులు పడ్డాయి. చూస్తుండగానే ఆకులు పోయి ఈనెలు మిగిలాయి. మా పట్టుపురుగులు తిండి లేక తలలెత్తి గాలిలో వెతుకుతున్నాయి.

"పిట్టలన్నిటిని ఎల్లగొడితివి. గిప్పుడు గీ గొంగళ్లను ఎవలు తినాలె? నువ్వు తింటవా అల్లుడా?" అన్నాడు మామ.

"చీమలకు పొగబెట్టింది నువ్వే గద మామా! జర ఉప్పు తే, చెరిసగం తిందాం."

ఆయన నవ్వలేదు. మా పట్టుపురుగులున్న కొమ్మలను నరికి తట్టలకెత్తి, ఎవరూ కాపలా కాయని గుట్ట పైవాలుకు మోశాం.

అక్కడ మద్దిచెట్టు కింద తలెత్తి చూస్తే నాకు మాట పడిపోయింది. నాకు! చెట్టు నిండా ఆకు. ఆకు చాటున గొంగళి, దాన్ని ముక్కున కరుచుకున్న ఏట్రింత పిట్ట, ఏట్రింత మీద కన్నేసి పైన తిరుగుతున్న డేగ. బెరడు మీద చీమల బారు, ఆ చీమలను ఏరుకు తింటున్న తొండ. రెట్టలు రాలిన చెట్టు మొదట్లో వానపాములు గుల్లచేసిన నల్లమట్టి, వాటికోసం అడవిపంది కెలికిన గుంటలు. ఒకదాని నోరు ఇంకొకదాన్ని మితిమీరనివ్వడం లేదు. అన్ని నోళ్లూ కలిసి ఆ గుట్టను పచ్చగా నిలబెట్టాయి.

మా పురుగులను ఎక్కించామో లేదో, ఒక పిట్ట వచ్చి బాగా బలిసిన పురుగును ఎత్తుకుపోయింది. నా చెయ్యి వడిసెల మీదికి పోయింది.

"ఉండనియ్. దాని కూలి అది తీసుకున్నది," అన్నాడు మామ.

చాలా పురుగులే పోయాయి. మిగిలినవి గట్టి కాయలు కట్టాయి, మగ్గాలకు సరిపోయాయి. మేం కాయలు కోస్తున్నంతసేపూ పిట్టలు మా నెత్తిన చేరి, దొంగలను తిట్టినట్టు తిట్టాయి.