ఒక్క క్లిక్ సారు

ఇది రాయకపోతే యాదయ్యన్న చెయ్యి సంగతి ఉత్త ప్రమాదంగానే మిగిలిపోతుంది.

పటాన్‌చెరులో మా ఫ్యాక్టరీ వైఫై డబ్బాలన్నింటినీ ఒక సారు తన గదిలోని తెర మీంచే నడిపేవాడు. ఏం అడిగినా చిటికె వేసి "ఒక్క క్లిక్" అనేవాడు. మా రేకుల షెడ్డు నుంచి గేటుదాకా సిగ్నల్ అందదు, వైఫై ఉంటేనే ఫోన్ కలుస్తుంది. పనిలో ఫోన్లు చూస్తున్నామని దాన్ని ఆపేశాడు.

యాదయ్యన్న వేళ్ళు ప్రెస్సులో నలిగిన రోజు అంబులెన్సుకు ఫోన్ కలవలేదు. సారు గదికి పరుగెత్తాను.

"సార్, జల్దీ షెడ్డుల వైఫై ఆన్ జెయ్యుండ్రి!"

"మేనేజర్ మెయిల్ పెట్టాలె."

"ఒక్క క్లిక్కే అంటరు గద సార్!"

ఆయన చిటికె వేయలేదు.

తర్వాత లైబ్రరీలో నెట్‌వర్కుల పుస్తకం వెతికి చదివాను. నిజమే, ఒక్క క్లిక్ చాలు. ఆస్పత్రికి ఆలస్యంగా చేరిన యాదయ్యన్న ఇక ఆ చేత్తో చిటికె వేయలేడు.

కొంగు చించి కట్టు కట్టిన లక్ష్మక్కకు, గేటుదాకా మోసిన సలీంకు, రాజ్‌కుమార్‌కు, ఆటో ఆపిన మల్లేశంకు కృతజ్ఞతలు. ఈ పేర్ల పక్కన సారు పేరు రాయను.