వదిన పులుసులో రొయ్యపొట్టు

ఒక గుప్పెడు రొయ్యపొట్టు. అంతే. అయినా ఇన్నేళ్ళుగా నా గుండె మీద బండలా పడి ఉంది. దించుకుందామంటే ఈ లోయలో నాకు మనిషి లేదు. మా ఆయనతో చెప్పలేను, ఆయన అక్కకే చేశాను ఆ పని. ఇరుగుపొరుగుతో అంటే వచ్చే సంతకల్లా కొండ మీది గూడేల దాకా పాకిపోతుంది. మీరైతే నన్నెరగరు, మా వదిననీ ఎరగరు. అందుకే మీకు చెబుతున్నాను. ఓదార్చమని అడగను. మధ్యలో అడ్డు రాకుండా వింటే చాలు.

అరకు లోయలో మాదొక దుకాణం. ఉప్పు, కిరసనాయిలు, గుడ్డలు, ఎండుచేపలు అమ్మేవాళ్ళం. కొండవాళ్ళ దగ్గర చింతపండు, పసుపు తీసుకునేవాళ్ళం. మా మామగారు మైదానం నుంచి వచ్చి పెట్టిన కొట్టు అది. మా ఆయనకు ఒక్కతే అక్క. పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే, ఇచ్చింది మాత్రం భీమిలి దగ్గర ఊరికి. ఏటా దసరాకి ఎడ్లబండిలో ఘాటీ ఎక్కి పుట్టింటికి వచ్చేది. పుట్టిల్లంటే అప్పటికి తమ్ముడూ, నేనూ, మా పిల్లా. అత్తమామలు పోయారు.

వదిన రాక అంటే ఎలా చెప్పను? బండి దిగకముందే మొదలు. వాకిలి ఊడ్చిన తీరు బాగోలేదు. ఆవు బక్కచిక్కిపోయింది. పిల్లకి జడ వదులుగా వేశాను. నేను నవ్వుతూ కాళ్ళకి నీళ్ళిచ్చేదాన్ని, లోపల పళ్ళు నూరుకునేదాన్ని. పండగ పూట ఇంటికొచ్చిన ఆడపడుచు, ఏమంటాం?

ఆవిడ భర్త నాకు అన్నయ్య వరస. రంగూన్ వెళ్ళాడు, బియ్యం మిల్లులో పనికి. ఆ రోజుల్లో తీరం ఊళ్ళలో ఓడెక్కిన మనిషి లేని ఇల్లు లేదు. మొదట్లో కబుర్లు వచ్చేవి. తర్వాత తగ్గాయి. తర్వాత ఆగిపోయాయి. వదిన సింహాచలం కొండెక్కి అప్పన్నకి మొక్కుకుంది, మనిషి తిరిగొచ్చి గడప తొక్కేదాకా నీచు ముట్టనని. చేప లేనిదే ముద్ద దిగని ఊళ్ళో ఉంటూ ఆ మొక్కు నిలబెట్టింది. దానికి నేను ఇప్పటికీ ఆవిడకి దణ్ణం పెడతాను. కానీ ఆ మొక్కు వచ్చి వచ్చి నా పొయ్యి మీద పడింది చూశారూ, అదీ నా ఖర్మ.

మా అత్తగారు వెదురుకొమ్ముల పులుసు చేసేవారు. కొండ ఆడవాళ్ళ దగ్గర నేర్చుకున్నదే. వానల్లో లేత కొమ్ములు సన్నగా తరిగి, ఉడికించి, ఆ చేదునీళ్ళు వార్చేసి ఎండబెట్టి దాచేవారు. దసరాకి వాటిని పులుసు పెట్టి, వేయించి దంచిన రొయ్యపొట్టు పైన చల్లేవారు. ఆ పులుసుకి రొయ్యపొట్టే ప్రాణం. వదినకి ఆ పులుసే కావాలి. రొయ్యపొట్టు ఉండకూడదు. రుచి మాత్రం అచ్చంగా వాళ్ళమ్మదే రావాలి!

ఎలా వస్తుందండీ? నేనేమైనా మంత్రాలు నేర్చానా?

ఒక ఏడు ఉలవలు వేయించి దంచి వేశాను. గడ్డి వాసన అంది. మరో ఏడు నువ్వులు వేశాను. ఇది పులుసా పచ్చడా అంది. వంకాయ కాల్చి కలిపితే కంచమే పక్కకి జరిపింది. పైగా ఆ మడి ఒకటి. వచ్చేటప్పుడు కొత్త కుండ, కొత్త గరిటె తనే తెచ్చుకునేది. పొయ్యి అలికించేది. కత్తిపీట బూడిదతో తోమించేది. నేను పొద్దుట్నుంచీ వంగి లేచి, లేచి వంగి చేసేసరికి, చివరికి మూతి విరుపు.

మన్యంలో పితూరీ అణిగిన మరుసటి దసరాకి వలిసెలు పట్టాను. మా లోయలో పచ్చగా పూస్తాయే, ఆ నూనెగింజలు. వేయించి దంచితే కమ్మగా ఉంటుంది. ఆవిడ స్నానానికి వెళ్ళింది, నేను పెరట్లో రోట్లో వేసి దంచాను. కుండ కొత్తది, గరిటె కొత్తది. రోలు? నేలలో పాతిన రాతి రోలుని కొత్తది ఎక్కణ్ణుంచి తెస్తారు? కడగమని చెప్పే వెళ్ళింది. ముందురోజు మా కోసం నేను రొయ్యపొట్టు దంచింది అందులోనే. విసుగులో ఉన్నాను, కడగలేదు. మర్చిపోయానా? మర్చిపోయాననే ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను.

వదిన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. కళ్ళ వెంట నీళ్ళు.

“అమ్మ వొండినట్టే ఉందే” అంది.

నాకు అప్పుడు తట్టింది, రోలు. చెప్పెయ్యాలి కదా? నోరు తెరిచాను కూడా. ఈలోగా ఆవిడ నా తల నిమిరింది. నేను ఆ ఇంట అడుగుపెట్టిన దగ్గర్నుంచీ ఆవిడ నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. నేను నోరు మూసుకున్నాను. ఇంకో గరిటె వడ్డించాను.

సరే, అది పొరపాటే అనుకోండి. వెళ్ళేటప్పుడు ఆ వలిసెల పొడి ముంతెడు దంచి ఇమ్మని అడిగింది. రోజూ అన్నంలో కలుపుకుంటానంది. అప్పుడైనా ఉత్త వలిసెలు దంచి ఇవ్వొచ్చు కదా నేను? ఇస్తే రుచి తేడా వస్తుంది. తేడా వస్తే మళ్ళీ మూతి విరుపు, మళ్ళీ ఆరాలు. కొట్లోకి వెళ్ళి గుప్పెడు రొయ్యపొట్టు తెచ్చి, మాడేదాకా వేయించి, మెత్తగా దంచి, జల్లెడ పట్టి కలిపాను. మూత మీద గుడ్డ కట్టి నా చేత్తోనే బండిలో పెట్టాను. పండుముసలిదై చచ్చేదాకా ఇక నన్ను సాధించదు అనుకుని ఆ రోజు హాయిగా నవ్వుకున్నాను కూడా. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే రోత. మరుసటి దసరాకీ అదే పులుసు, అదే ముంత. ఆ మనిషి అప్పన్నకి దీపం పెట్టి, భర్త పేరు చెప్పుకుని, ఆ పొడితో అన్నం తినేది.

ఆ తర్వాతి వేసవిలో కబురొచ్చింది. అన్నయ్య అక్కడే పోయాడట, కలరాతో. మేమిద్దరం పరుగున దిగి వెళ్ళాం. కబురు తెచ్చినవాడు రంగూన్ నుంచి తిరిగొచ్చిన ఆ ఊరివాడే, అరుగు మీద కూర్చుని ఉన్నాడు. లోపల వదిన ఏడుపు వినబడుతోంది. నేను చేసిన పని వినండి. లోపలికి వెళ్ళలేదు. వాడి దగ్గర నిలబడి, ఎలా పోయాడని కాదు, ఎప్పుడు పోయాడని అడిగాను. మొదటి పులుసు కంటే ముందా, వెనకా? ముందే పోయి ఉంటే నేను బతికిపోయాను! వాడికి సరిగ్గా తెలీదు. తను వేరే మిల్లులో ఉన్నాడట, ఎవరో అంటే విన్నాడట. ఇంకా గుచ్చిగుచ్చి అడిగితే వాడు నా మొహం కేసి వింతగా చూశాడు.

భీమిలి దగ్గర తిన్న రొయ్యపొట్టు సముద్రం దాటి వెళ్ళి మనిషిని చంపుతుందా? చంపదు. నాకు ఆ మాత్రం తెలుసు. కానీ వదినకి తెలీదు. ఆవిడ లెక్కలో మొక్కు నిలిస్తే మనిషి నిలుస్తాడు, మనిషి పోయాడంటే మొక్కు ఎక్కడో తప్పింది. దినాలు కాకముందే నా చెయ్యి పట్టుకుని మొదలుపెట్టింది.

“ఒకనాడు బెస్తోళ్ళ తట్ట లోంచి నీళ్ళు నా కాలు మీద పడ్డాయే. కాలే కడుక్కున్నాను గానీ తలకి పోసుకోలేదు. ఇంటికొచ్చి బేగి దీపం పెట్టేసినాను. అదేనంటావేటి? నిజం సెప్పు గుంటా, అదే తప్పయ్యిందంటావా?”

నా చెయ్యి ఆవిడ చేతిలోనే ఉంది. కాదు వదినా, నీ తప్పేం లేదు, నేను పెట్టాను నీకు, ఏడాదిన్నర పాటు పెట్టాను అని చెప్పాల్సిన క్షణం అదే. అంతకంటే మంచి క్షణం ఇంకెప్పుడూ రాదు.

“అయ్యుంటాది వదినా” అన్నాను.

ఎందుకన్నాను? ఆవిడ నోటికి భయపడా? ఆయన నన్ను పుట్టింటికి పంపేస్తాడనా? అవన్నీ ఉన్నాయి. కానీ వాటన్నిటి కంటే ముందు నాకు కలిగింది, దేవుడా, హమ్మయ్య అన్న నిమ్మళం. నేను వెతుక్కోకుండానే తప్పు మోసే మనిషి దొరికింది. అదీ ఆవిడే. రొయ్యపొట్టు కలిపినందుకు నన్ను నేను ఏదో ఒకనాటికి క్షమించుకుంటానేమో. ఆ ఒక్క మాటకి మాత్రం నాకు దారి కనబడదు.

వదిన ఇప్పటికీ దసరాకి వస్తుంది. జుట్టు నెరిసింది, నోరు తగ్గలేదు. నీచు ముట్టదు. ఉత్త వలిసెల పొడితో పులుసు పెడితే ఒక ముద్ద తిని, అప్పుడు కుదిరింది ఇప్పుడేటయిందే నీ సెయ్యి అని సాధిస్తుంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది, చెప్పేద్దునా అనిపిస్తుంది. కోపంలో చెబితే అది ఒప్పుకోవడం ఎలా అవుతుంది? ఊరుకుంటాను. ఊరుకోవడానికి నాకు ఎప్పుడూ ఏదో ఒక సాకు దొరుకుతూనే ఉంటుంది.

ఆ చేపనీళ్ళ పాపానికి ఆవిడ శనివారాలు పస్తులుంటోంది. మంచినీళ్ళు కూడా ముట్టదు. ఒంట్లో బాగోలేదు, మానెయ్యమని తమ్ముడు బతిమాలితే, మొగుణ్ణి సంపుకున్నదానికి ఒంటి మీద ఆశేటిరా అంటుంది. ఆ మాట నేను పక్కనే నిలబడి వింటాను.

తప్పు ఆవిడది కాదు. మొక్కు ఆవిడ నిలబెట్టుకుంది, చెడగొట్టింది నేను. ఈ మాట పైకి అనడం ఇదే మొదలు, అన్నాక కాస్త ఊపిరాడుతోంది నాకు. రేపు శనివారం. వదిన పస్తుంటుంది.