డాక్టరుగారి గదిలో ఫ్యాను

ఆమెను ఊళ్ళో అందరూ సిస్టరమ్మ అంటారు. నోరు పెద్దది, చెయ్యి మెత్తన. సూది వేయించుకునే పిల్లలు ఆమెకు భయపడరు, వాళ్ళ అమ్మలే జడుస్తారు. "పుండు ఇంతయ్యేదాకా ఏం చేస్తున్నావే, ముహూర్తం చూసుకుంటున్నావా?" అని కడిగేస్తుంది. ఆ మాట పూర్తయ్యేలోగా కట్టు కట్టడం కూడా పూర్తవుతుంది.

ఆసుపత్రి చూడముచ్చటగా ఉంటుంది. గోడలకు కొత్త రంగు, గుమ్మం మీద "అత్యవసర చికిత్స, రాత్రింబవళ్ళు" అని ఎర్రటి అక్షరాలు. బోర్డు రాయించినవాళ్ళు డాక్టరును పెట్టడం మాత్రం మరిచిపోయారు. ఉన్న ఒక్క డాక్టరూ మూడు ఆసుపత్రుల మధ్య మోటారుసైకిలు మీద తిరుగుతుంటాడు. పాపం ఆ కుర్రాడికి తల ప్రాణం తోకకొస్తోంది. ఇక్కడికొచ్చే సోమవారాలు తప్పిస్తే, అతను ఏ పూట ఎక్కడుంటాడో కట్టుకున్న భార్యకే తెలియదు. ఊరివాళ్ళు రోగాలకు వారాలు కేటాయించుకున్నారు. జ్వరమొస్తే సోమవారం దాకా ఓర్చుకుంటారు. ఆదివారం కాలు విరగ్గొట్టుకున్నవాడు ఇంట్లో నొప్పితో పాటు తిట్లు కూడా తింటాడు.

ఒకసారి పై అధికారి తనిఖీకి వచ్చాడు. డాక్టరు లేడని జనం గేటు దగ్గర గొడవ చేస్తున్నారు. అధికారి డాక్టరు గదిలోకి పోయి, కాసేపు ఆలోచించి, సిస్టరమ్మను పిలిచాడు.

"డాక్టరు లేడన్న మాట మీ నోట రాకూడదమ్మా. గది తలుపు దగ్గరగా వేసి, లోపల లైటూ ఫ్యానూ వేసి ఉంచండి. ఎవరైనా అడిగితే వార్డులో ఉన్నారనండి."

"వార్డులోకి వచ్చి చూస్తే సార్?"

"మీరే సర్దుకోవాలి. అనుభవం ఉన్నవారు కదా."

డాక్టరును పంపమని అడిగితే ఫ్యాను వెయ్యమని చెప్పి కారెక్కాడు. ఆ తెలివితేటలు రోగుల మీద కాస్త ఖర్చు పెట్టి ఉంటే ఊరు బాగుపడేది.

సిస్టరమ్మ ఇద్దరు పిల్లల తల్లి. ఇంట్లో సంపాదన ఆమె ఒక్కదానిదే. మొదట్లో ఆ స్విచ్చి మీద చెయ్యి వేస్తే ఒళ్ళు మండేది. ఆయాతో చెప్పుకుని తిట్టుకునేది. కొన్నాళ్ళకు చెయ్యి దానంతటదే స్విచ్చి మీదికి పోవడం మొదలుపెట్టింది. దగ్గులవాళ్ళు, దురదలవాళ్ళు కిటికీలోంచి ఫ్యాను చూసి బల్లల మీద కూర్చునేవారు. కూర్చుని కూర్చుని, మాత్రలేవో తీసుకుని పోయేవారు. ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి ఆమె కూడా దాని సంగతి ఆలోచించడం మానేసింది.

ఒక మధ్యాహ్నం బజారు చివర బట్టలు కుట్టే దర్జీకి గుండెల్లో నొప్పి వచ్చింది. మిషను ముందే ఒరిగిపోతే భార్య ఆటోలో వేసుకుని వచ్చింది. సిస్టరమ్మ లోపల ఒక ముసలాయనకు సెలైను ఎక్కిస్తోంది. దర్జీ భార్య మొగుణ్ణి బల్ల మీద కూర్చోబెట్టి, డాక్టరుగారి గది కిటికీలోంచి చూసింది. ఫ్యాను తిరుగుతోంది. అమ్మయ్య అనుకుంది. బయటికెళ్ళి, "డాక్టరుగారు ఉన్నారు నాయనా. ఇక నువ్వెళ్ళు, బేరాలు పోగొట్టుకోకు" అని ఆటోను పంపేసింది.

సిస్టరమ్మ బయటికొచ్చేసరికి దర్జీ చొక్కా చెమటతో తడిసిపోయింది. మొహంలో రక్తం లేదు.

"ఆటో ఏదమ్మా?"

"పంపేశానమ్మా. డాక్టరుగారు ఉన్నారుగా."

సిస్టరమ్మ ఫోను అందుకుంది. అంబులెన్సుకు ఫోను చేస్తే అది పురిటి మనిషిని తీసుకుని పట్నం దారిలో ఉంది. డాక్టరు ఫోనులో ఏ మాత్రలు వెయ్యాలో చెప్పి, "అక్కడ ఒక్క నిమిషం కూడా ఉంచొద్దు సిస్టర్, పంపెయ్యండి" అన్నాడు. దేనిమీద పంపాలో అతనికీ తెలియదు. ఆమె వార్డు ఆయాకు అప్పజెప్పి, మాత్రలు వేసి, రోడ్డు మీదికి పరుగెత్తి, చేతులు అడ్డంగా పెట్టి పాలవ్యానును ఆపింది. క్యాన్ల మధ్య దర్జీని పడుకోబెట్టి, తల తన ఒళ్ళో పెట్టుకుని, ఆక్సిజను మాస్కు పట్టుకుని కూర్చుంది. ఆమె పట్టుకునే ఉంది, అతను దారిలోనే పోయాడు. పట్నం ఆసుపత్రిలో, "కాస్త ముందు తెచ్చి ఉంటే దక్కేవాడు" అన్నారు.

దర్జీ భార్య కర్మకాండలన్నీ అయ్యాక, సిస్టరమ్మ డ్యూటీ దిగే వేళకు వచ్చింది. వచ్చి చేతులు పట్టుకుంది.

"తోడబుట్టినది కూడా అంత చెయ్యదమ్మా. మీ రుణం తీర్చుకోలేను. పాపం నాదే. ఆటోను పంపేసింది నేనే. మా అత్త కూడా అదే అంటోంది, నువ్వే చంపుకున్నావని."

ఊరుకుంటే సరిపోయేది. ఉద్యోగం నిలబడేది, మంచి పేరు కూడా మిగిలేది. తిట్టడానికి వచ్చి ఉంటే సిస్టరమ్మ నీళ్ళు నమిలేదేమో. కానీ చావుకు కారణమైన చోటికే వచ్చి ఈ మనిషి దండం పెడుతోంది, చెయ్యని తప్పు నెత్తిన వేసుకుని బతుకంతా మొయ్యడానికి సిద్ధపడుతోంది. సిస్టరమ్మకు ముందు తన మీద అసహ్యం వేసింది. ఆ వెనకే, తన చేత ఈ పని చేయించినవాళ్ళ మీద కోపం ముంచుకొచ్చింది.

"నీ పాపం కాదే తల్లీ. ఆ రోజు ఆ గదిలో డాక్టరు లేడు. ఫ్యాను నేనే వేశాను. రోజూ నేనే వేస్తాను."

దర్జీ భార్య పట్టుకున్న చేతులు వదిలేసింది.

"ఎందుకూ?"

"ఉన్నాడని మీరు అనుకోవాలని."

"ఎవరు వెయ్యమన్నారు?"

సిస్టరమ్మ చెప్పులు తొడుక్కుంది.

"మా పై అధికారి. పద, చూపిస్తాను. ఆటోను ఎందుకు పంపావో ఆయన మొహం మీద నువ్వు చెప్పు. ఫ్యాను ఎందుకు వేశానో నేను చెబుతాను. మీ అత్తను కూడా పిలుచుకురా, వింటుంది."