మా బండిలో పరాయి పిల్లాడు

మొన్న శనివారం మా మనవరాలు బడి నుంచి ఒక కాగితం తెచ్చి, సంతకం పెట్టమని నా ముందు ఉంచింది. దాని అమ్మానాన్నలు పెళ్లికి పోతే పిల్లల దగ్గర నేనున్నాను. హైదరాబాద్ పక్కనున్న ఆటల పార్కుకు పిల్లలందరినీ తీసుకుపోతారట, పెద్దలకు అభ్యంతరం లేదని రాసివ్వాలట. పార్కు పేరు చదవగానే నా చేతిలో పెన్ను ఆగింది. "నీకు రెండున్నరేండ్లప్పుడు ఆడికి పోయినం" అన్నాను. "తెలుసమ్మమ్మా, నేను తప్పిపోయిన గద" అని నవ్వుతూ జడ వేసుకోవడానికి లోపలికి పోయింది. పోగొట్టింది నేనని మాత్రం దానికి ఎవరూ చెప్పలేదు.

మాది నకిరేకల్. నా బిడ్డను మహబూబ్‌నగర్‌లో ఇచ్చాము. అల్లుడు అక్కడే ఒక ఆఫీసులో గుమాస్తా. మంచివాడు, కానీ ఏ పనైనా ముందు కాగితం మీద రాసుకుంటే తప్ప మొదలుపెట్టడు. అతని తల్లి కోస్గి మనిషి. మా ఇంట్లో లాగే వాళ్లింట్లోనూ మగ్గం ఆడేది కాబట్టి, సంబంధం కలుపుకున్నప్పుడు ఇద్దరం ఒకే తీరు మనుషులమనుకున్నాం. మనవరాలు పుట్టాక తెలిసింది, పసిపిల్లల విషయంలో ఆమె పద్ధతి వేరు, నా పద్ధతి వేరు అని. ఆమె ఆముదం అంటే నేను కొబ్బరినూనె అనేదాన్ని. నేను పిల్లకు చెవులు కప్పి పోతే ఆమె వచ్చి విప్పేది. ఎదురుపడితే మాత్రం ఒకరినొకరం "వదినె" అనుకుంటూ నవ్వుకునేవాళ్లం. రెండో కాన్పులో మనవడు పుట్టాక ఈ పోటీ ఇంకా ముదిరింది. వాడు ఎవరి చేతుల్లో ఎంతసేపు ఏడవకుండా ఉన్నాడో నేను మనసులోనే కనిపెట్టుకుని ఉండేదాన్ని. ఆమె కూడా అదే పనిలో ఉండేదనుకుంటాను.

వాడికి ఏడో నెల నడుస్తుండగా, మాఘమాసంలో, అల్లుడికి ఈ పార్కు ఆలోచన వచ్చింది. తెలంగాణ వచ్చి మూడేళ్లయి ఉంటుందేమో అప్పటికి. ఆఫీసులో ఎవరో పోయివచ్చి ఫొటోలు చూపించారట. ఏడు నెలల వాడూ రెండున్నరేళ్లదీ అక్కడ ఏం చేస్తారని ఎవరమూ అడగలేదు. నా బిడ్డ ఒక కాన్పు వెంట ఒక కాన్పుతో ఇల్లు దాటింది లేదు. దాని ముఖం వెలగడం చూసి నేనూ ఊరుకున్నాను. ముందురోజే మహబూబ్‌నగర్ చేరి, తెల్లవారుజామున మూడింటికి లేచి, మూటలు కట్టాను. కిరాయి కారులో ముందు సీట్లో అల్లుడూ అతని కాగితమూ; వెనక మేం ముగ్గురు ఆడవాళ్లం, ఇద్దరు పిల్లలు, పాలపొడి డబ్బా, వేన్నీళ్ల ఫ్లాస్కు, గుడ్డల మూట, పెరుగన్నం గిన్నె, ఇవన్నీ చాలవన్నట్టు దిష్టి తీయడానికి వదినె తెచ్చిన ఎండుమిరపకాయల పొట్లం. జడ్చర్ల దాటకముందే చిన్నవాడు నా చీర మీద పాలు కక్కాడు. షాద్‌నగర్ దగ్గర పెద్దది లేచి, దిగిపోతానని ఏడుపు లంకించుకుంది. కారంతా పుల్లటి పాల వాసన. అయినా అందరం నవ్వుతూనే ఉన్నాం.

పార్కు గేటు దగ్గర కాపలా మనిషి బయటి తిండి కుదరదని మూటంతా విప్పించాడు. మిరపకాయల పొట్లం పట్టుకుని ఇదేమిటని అడిగితే, "దిష్టికి బిడ్డా. నీకు గూడ తియ్యాల్నా?" అంది వదినె. అతను నవ్వి, పసిపిల్లల సామానని అంతా వదిలేశాడు. లోపల పిల్లల్ని కూర్చోబెట్టి తోసుకుపోయే బండ్లు కిరాయికి ఇస్తుంటే ఒకటి తీసుకున్నాం. నీలి గుడ్డ, నల్ల చక్రాలు, అన్నీ ఒక్కతీరువే. ప్రతి ఆట దగ్గరా గోడకు ఒక గీత గీసి ఉంది. తల ఆ గీతను అందుకుంటేనే ఎక్కనిస్తారు. మా పెద్దది ఏ గీతకూ సగానికి కూడా రాలేదు. గుండ్రంగా తిరిగే కొయ్యగుర్రాల మీద ఒక్కసారి మాత్రం తండ్రి ఒళ్లో కూర్చుని తిరిగింది, దిగమంటే నేల మీద పడి దొర్లింది. మిట్టమధ్యాహ్నానికి ఏడ్చి ఏడ్చి అలసిపోయి, బండిలో వేసి నాలుగడుగులు తొయ్యగానే నిద్రపోయింది. ఎండ పడకుండా దాని మీద తెల్ల తువ్వాల కప్పాం.

అక్కడ ఎత్తు మీదినుంచి పడవ నీళ్లలోకి జారే ఆట ఒకటుంది. అరవై దగ్గర పడ్డ వదినె, తాను ఎక్కి తీరాల్సిందేనంది. "నువ్వు గూడ రారాదు వదినె, మల్ల ఎప్పుడొస్తం?" అని నన్నూ పిలిచింది. "పిల్లల కాడ ఎవరుంటరు? మీరు పోయిరాండ్రి" అన్నాను. ఆ మాటలో గర్వముంది. పిల్లలకు అసలు దిక్కు ఎవరో అందరూ చూడనీ అనుకున్నాను. తడుస్తాయని ముగ్గురూ తమ ఫోన్లు నా సంచిలోనే పడేసి పోయారు. చెట్టునీడలో బెంచీ మీద చిన్నవాణ్ని ఒళ్లో వేసుకుని, బండిని పక్కన పెట్టుకుని కూర్చున్నాను. బెంచీకి ఆ కొసన ఇంకో ముసలామె, నాలాగే కావలి. ఆమెదీ నీలి బండే, మా బండిని ఆనించి పెట్టుకుంది; దాని మీదా తెల్ల తువ్వాల. ఒకరినొకరం చూసి తల ఊపుకున్నాం. చిన్నవాడి నోట్లో పాలసీసా పెట్టాను. వాడి ఒంటి వెచ్చదనం నా పొట్టకు తగులుతోంది. పడవ జారినప్పుడల్లా దూరంగా కేకలు, నీళ్ల చప్పుడు. చీరకొంగుతో వాడి ముఖానికి విసురుతున్నాను. కాసేపటికి నా చెయ్యి విసరడం మానేసింది.

చిన్నవాడు కదిలితే మెలకువ వచ్చింది. పక్కన ముసలామె లేదు. మా బండి ఉంది. హమ్మయ్య అనుకున్నాను. తువ్వాల కొస కొంచెం తొలిగి చిన్న పాదం కనిపించింది. పాదానికి పట్టీ లేదు. ఎవరో దొంగ వెండిపట్టీలు ఊడదీసుకుపోయాడనుకున్నాను. అప్పుడు ఆ కాలికి కట్టిన నల్లదారం చూశాను. మా పిల్ల కాలికి దారం లేదు. తువ్వాల ఎత్తాను. కొత్తగా గుండు చేయించిన తలతో, నోరు తెరుచుకుని, ఎవరి పిల్లవాడో నిద్రపోతున్నాడు.

నేను చేసిన మొదటి పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. తువ్వాల మళ్లీ కప్పేశాను. ఇంకోసారి తీస్తే మా పిల్ల ఉంటుందేమోనని. తీశాను, వాడే ఉన్నాడు. లేచి వెతుకుదామంటే ఒళ్లో ఒకడు, బండిలో ఒకడు. ఫోన్ చేద్దామంటే మావాళ్ల ఫోన్లు మూడూ నా సంచిలోనే ఉన్నాయి. చిన్నవాణ్ని భుజానికెత్తుకుని, బండిని ఒక చేత్తో తోస్తూ, దారిన పోయే ప్రతి నీలి బండినీ ఆపి తువ్వాల ఎత్తడం మొదలుపెట్టాను. నేను ముట్టుకోబోతే ఒక తల్లి నా చెయ్యి విసిరికొట్టింది. ఆ పార్కులో అన్ని నీలి బండ్లున్నాయని అంతకుముందు నాకు తెలియదు.

ముందు వచ్చింది వదినె. తల నుంచి కాళ్లదాకా తడిసి, పకపకా నవ్వుతూ వచ్చి, నా ముఖం చూసి ఆగిపోయింది. "వదినె, పిల్ల లేదు" అన్నాను. ఆమె తువ్వాల ఎత్తి చూసింది. వెనకనే వచ్చిన నా బిడ్డ కూడా చూసింది. దాని కేకకు చుట్టుపక్కల జనం తిరిగారు.

"అమ్మా, నా పిల్లేది? నువ్వు యాడికి పోయినవ్?"

"యాడికీ పోలేదే. చిన్నోనికి గుడ్డ మారుస్తున్న. గంతల్నే ఎవరో బండి మార్చి తోలుకపోయిండ్రు."

ఆ అబద్ధం నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో. అల్లుడు గేటు వైపు పరుగెత్తాడు. అతను ఎందుకు పరుగెత్తాడో అందరికీ అర్థమైంది. ఆ మనుషులు ఇంటికి బయల్దేరి ఉంటే, పిల్ల నిద్రలోనే ఉంటే, ఏ ఊరు చేరాక తువ్వాల తీస్తారో. పార్కు ఉద్యోగి ఒకతను వచ్చి అంతా విని, పరాయి పిల్లవాణ్ని ఆఫీసులో అప్పగించమన్నాడు. వదినె అప్పటికే వాణ్ని చంకనేసుకుంది.

"వీన్ని ఇయ్య. మా పిల్ల వచ్చేదాంక వీడు నా కాడనే ఉంటడు. వీని కోసం వాండ్లు రావాలె గద. మీరు పోయి మైకుల చెప్పిపియ్యిండ్రి."

మైకులో చెప్పారు. గులాబీ గౌను, వెండిపట్టీలు, రెండున్నరేళ్లు. పొద్దున నేనే తొడిగిన గౌను. ఎవరిదో గొంతు మూడు భాషల్లో దాని రంగు చెబుతోంది. ఈలోగా గుండు పిల్లవాడు లేచాడు. తెలియని ముఖాలు చూసి గుక్కపట్టి ఏడ్చాడు. వదినె ఊపింది, పాట పాడింది, పిట్టలను చూపించింది. వాడి గొంతు బొంగురుపోయింది గానీ ఏడుపు ఆగలేదు. నా బిడ్డ వాడి వైపు కన్నెత్తి చూడకుండా, నేను అందించిన చిన్నవాణ్ని గుండెకు అదుముకుని దారినే చూస్తోంది. చాలాసేపటికి వచ్చి బెంచీ మీద కూర్చుంది. చిన్నవాణ్ని నాకిచ్చి, మూటలోంచి పెరుగన్నం గిన్నె తీసింది. కూతురి కోసం కలిపిన అన్నం అది. "నాకియ్యి అత్తమ్మా" అని పిల్లవాణ్ని తీసుకుని, చిన్న చిన్న ముద్దలు చేసి నోట్లో పెట్టింది. వాడు వెక్కుతూనే మింగాడు. "నా పిల్లకు గూడ ఎవరన్న గింత బువ్వ పెడుతున్నరో లేదో" అంది. దాని కన్నీళ్లు గిన్నెలో పడుతుంటే నేను తల తిప్పుకున్నాను.

అంతసేపూ కలిపి గంట కూడా అయి ఉండదు. తిండిశాల వైపు నుంచి ఒకతను పరుగెత్తుకొచ్చాడు, భుజాన మా పిల్లతో. వెనక అతని భార్య, ఇంకా వెనక, ఆయాసపడుతూ, ఆ ముసలామె. "మా పిలగాన్ని ఎందుకు తీస్కపోయిండ్రు?" అని దూరం నుంచే అరిచాడు. "మేమెందుకు తీస్కపోతం? మీరే మా బండి తోసుకపోయిండ్రు!" అని వదినె ఎదురెళ్లింది. ఒకరి పిల్లను ఒకరు పట్టుకుని, ముందు ఎవరివ్వాలో తెలియనట్టు నిలబడిపోయారు. మా పెద్దది తల్లిని చూసి రెండు చేతులూ చాచింది. అంతే, ఎవరు ఎవరికి అందించారో కూడా తెలియలేదు. దాని పిడికిట్లో సగం తిన్న బిస్కెట్టుంది. అన్నం తినిపిద్దామని వాళ్లు తువ్వాల తీస్తే కళ్లు నులుముకుంటూ ఇది లేచి కూర్చుందట. అప్పుడైనా చూసుకున్నారు కాబట్టి సరిపోయింది. అన్నం తిని మెదక్ దిక్కు బయల్దేరేవాళ్లే.

ముసలామె నేల మీద కూలబడింది. "నేనే తోసుకపోయిన. పోదాం రమ్మంటె తొందరల నేనే తోసుకపోయిన. కండ్లు మసక నాకు" అని నుదురు కొట్టుకుంది. ఆమె కొడుకు అందరి ముందూ తల్లి మీద పడ్డాడు. "ఒక్క పిలగాన్ని సూసుడు రాదా నీకు? గింత వయసొచ్చె, ఏం లాభం?" ఆమె నా వైపు చూసింది. నేను మేలుకుని ఉంటే ఆమె చెయ్యి మా బండి మీద పడేదే కాదు. నేనూ నిద్రపోయానని ఒక్క మాట అంటే ఆమె బరువు సగం దిగేది. నా మనవరాలి తల నిమురుతూ నిలబడ్డాను. వాళ్లు వెళ్లిపోయారు. కొడుకు అరుపులు మలుపు తిరిగేదాకా వినిపించాయి.

తిరుగు దారిలో కారులో నా బిడ్డ కూతుర్ని కదలనివ్వకుండా పట్టుకుని కూర్చుంది. చిన్నవాడు ఏడుస్తుంటే వదినె అందుకుని గుడ్డ విప్పింది. పడవ ఎక్కబోయే ముందు తన చేతులతో తానే కట్టిన పసుపు అంచు గుడ్డ అది, తడిసి ముద్దయి ఉంది. నేను మార్చానని చెప్పిన గుడ్డ. ఆమె దాన్ని చూసింది, నన్ను చూసింది, పొడిది కట్టి వాణ్ని పడుకోబెట్టింది. షాద్‌నగర్ దాటాక, నాకు మాత్రమే వినపడేలా, "మూడింటికే లేస్తివి వదినె" అంది. ఆ తర్వాత ఆ సంగతి ఎవరి దగ్గరా ఎత్తలేదు.

ఆమె అలా అనకపోతే నేను దాచుకునేదాన్నేమో. నకిరేకల్ చేరిన నాలుగో రోజు బిడ్డకు ఫోన్ చేసి చెప్పేశాను, నిద్రపోయానే అని. "చిన్నోడు ఏడుస్తున్నడు, మల్ల మాట్లాడుత" అని పెట్టేసింది. మళ్లీ మాట్లాడింది, ఎప్పటిలాగే పండక్కి వచ్చింది, కానీ నన్నూ పిల్లలనూ ఒక గదిలో వదిలి పక్క గదిలోకి పోయేది కాదు. స్నానానికి పోతూ కూడా వాళ్లను వెంట తీసుకుపోయేది. నేను అడగలేదు, అడిగే ముఖం లేదు. దాదాపు ఏడాది తర్వాత ఒక పొద్దున వదినె బస్సు దిగి, ఇద్దరు పిల్లలతో మా గుమ్మంలో నిలబడింది. "నాకు కోస్గిల పనుంది వదినె, మూడు దినాలు నీ కాడ ఉంటరు. నీ బిడ్డకు చెప్పే తెచ్చిన" అంది. ఆమెకు కోస్గిలో ఏ పనీ లేదని తర్వాత తెలిసింది. ఆ మూడు రాత్రులూ పిల్లల పక్కన పడుకున్నానన్న మాటే గానీ రెప్ప వేయలేదు.

ఆ రోజు నుంచి నేను కూడా పిల్లలకు ఆముదమే రాశాను. మెదక్ దిక్కు ఆ అవ్వ పేరేమిటో, ఊరేమిటో నాకు తెలియదు. ఆ గుండు పిల్లవాడు ఈపాటికి ఎంత పొడుగయ్యాడో, అవ్వను తప్పు పట్టిన మాటలు ఆ ఇంట్లో ఎన్నాళ్లు నడిచాయో కూడా తెలియదు. నేను ఆమెకు బాకీపడ్డ ఆ ఒక్క మాట ఇప్పుడు చెబుదామన్నా వినడానికి ఆమె ఉందో లేదో. ఎనిమిదేళ్లు ఎటు పోయాయో తెలియకుండా పోయాయి గానీ, ఆ ఒక్క మధ్యాహ్నానికి నాలో ఇంకా పొద్దు వాలలేదు.