సవరించాలా అని అడిగిన గొంతు

పేము కుర్చీలు అల్లే ఆమెను వీధి మొత్తం కుర్చీలక్క అంటుంది. పుట్టుకతోనే చూపు లేదు. పేము బద్ద ఎక్కడ పలచబడిందో, ఏ మలుపులో విరుగుతుందో ఆమె వేళ్ళకు ముందే తెలుస్తుంది. కాగితం మాత్రం ఆమెకు మూగది. ఏ కాగితమైనా అన్నయ్య చదివేవాడు, ఆమె వేలిముద్ర వేసేది. పింఛను కూడా అన్నయ్య ఖాతాలోనే పడేది. అడిగితే ఇవ్వడని కాదు. అడగవలసి రావడమే ఆమెకు పంటికింద రాయి. ఈమధ్యే సొంత ఖాతా తెరిచింది. పింఛను అందులోకి మారాలి. ఆ మాట తన నోటితోనే చెప్పాలి.

చూపులేనివారి కోసం సేవా కేంద్రంలో మాట్లాడే యంత్రం పెట్టారని విని, వదిన చెయ్యి పట్టుకుని వెళ్ళింది. అక్కడి ఉద్యోగి ఆమె వేలిని యంత్రం మీద ఆనించి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి పక్కకు తప్పుకున్నాడు.

"నమస్కారం," అంది ఒక ఆడగొంతు.

కుర్చీలక్క లేచి నిలబడింది. "నమస్కారమమ్మా. భోంచేశావా?"

వరుసలో నవ్వులు లేచాయి. "అది మిషనక్కా. దాని భోజనం కరెంటు," అన్నాడు వెనకనున్న ఆటో డ్రైవరు.

"అయితేనేం? పలకరిస్తే అరిగిపోతుందా?" అంటూ మళ్ళీ కూర్చుంది.

గొంతు ఆమె పేరు చదివింది. పుట్టిన సంవత్సరం చదివింది. ఎన్నడో కన్నుమూసిన తల్లి పేరును స్పష్టంగా పలికింది. పింఛను జమయ్యే ఖాతా అన్నయ్యదని చెప్పి, "వివరాలు సరిగా ఉన్నాయా? సవరించాలా?" అని అడిగి ఆగింది.

విసుక్కోలేదు, తొందరపెట్టలేదు. తన గురించి ఎక్కడో రాసి ఉంచినదంతా తనకే వినిపించి, ఇది నిజమేనా అని తననే అడుగుతున్నారు! క్షణం ఊరుకోని ఆమె వేళ్ళు బల్ల అంచున నిశ్చలంగా ఉండిపోయాయి.

"ఏమంటోందే? నేను చెప్పనా?" అంది వదిన.

"నన్నడుగుతోంది వదినా."

కుర్చీలక్క గొంతు సవరించుకుని, "సవరించాలి," అంది. కొత్త ఖాతా సంఖ్యను ఒక్కో అంకెగా చెప్పింది. యంత్రం ప్రతి అంకెనూ తిరిగి పలికి, చివరకు, "మీ కోరిక నమోదైంది," అంది.

హెడ్‌ఫోన్ తీసి, "పింఛను నా ఖాతాలోకి మార్పించుకున్నాను," అని వదినతో చెప్పింది. "అన్నయ్యకు నేనే చెబుతాను."

వదిన ఆ హెడ్‌ఫోన్‌ను చేతిలోకి తీసుకుంది. తరవాత నెమ్మదిగా అడిగింది: "అది నన్ను కూడా అడుగుతుందంటావా?"